పిల్లల గుండె ఆగినప్పుడు: రెండేళ్ల కార్డు, కొన్ని నెలల నైపుణ్యం

పిల్లల వార్డులో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సును అడిగి చూడండి, గుండె పూర్తిగా ఆగిపోయిన బిడ్డను ఎన్నిసార్లు చూశారని. ఐసీయూ బయట పనిచేసేవాళ్లలో చాలామంది వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. అది సంతోషించాల్సిన సంగతే. శిక్షణ ఇచ్చేవాళ్లకు మాత్రం అదే తలనొప్పి. రోజూ చేసే పని చేతికి దానంతటదే అలవాటవుతుంది. సూది వేయడం, సెలైన్ ఎక్కించడం రోజూ చేసేవాళ్లెవరూ మళ్లీ శిక్షణ బొమ్మల మీద రిహార్సల్ వేసుకోరు. ఎప్పుడో ఒకసారి ఎదురై, ఎదురైనప్పుడు రెండు మూడు నిమిషాల తడబాటును కూడా క్షమించని పని అలా అలవాటు కాదు. దాన్ని ఎలా నేర్పాలి, నేర్చుకున్నది జారిపోకుండా ఎలా నిలబెట్టుకోవాలి అన్నదే ఇక్కడి చిక్కుముడి.

చాలా ఆసుపత్రులు దీనికి చూపించే జవాబు ఒక కార్డు. రెండు రోజుల కోర్సు, చివర పరీక్ష, రెండేళ్లు చెల్లే సర్టిఫికెట్. అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కలిసి 1988లో మొదలుపెట్టిన పీడియాట్రిక్ అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ కోర్సు వీటిలో అందరికీ తెలిసినది. వైద్యులు దాన్ని పాల్స్ అంటారు. కోర్సులో లోపమేమీ లేదు. కార్డుకున్న గడువుకూ చేతిలోని నైపుణ్యానికున్న గడువుకూ పొంతన లేకపోవడమే నా ఫిర్యాదు.

గుండె కన్నా ముందు ఊపిరి

పెద్దవాళ్లలో గుండె ఆగిందంటే ఎక్కువగా గుండెలోనే పుట్టిన సమస్య. రక్తనాళం మూసుకుపోతుంది, గుండె లయ తప్పి కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది, మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు. అక్కడ లయను సరిచేసే డీఫిబ్రిలేటర్ అనే యంత్రంతో ఇచ్చే విద్యుత్ షాక్ ఎంత త్వరగా అందిందన్నది ప్రాణాన్ని నిర్ణయిస్తుంది. పిల్లల్లో గొడవ చాలావరకు మరోచోట మొదలవుతుంది. న్యుమోనియా, ఉబ్బసం, గొంతులో ఇరుక్కున్న గింజ, నీళ్లలో మునగడం. లేదంటే వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరంతా పోవడం, రక్తంలోకి పాకిన ఇన్‌ఫెక్షన్. శరీరం కొంతసేపు గట్టిగానే పోరాడుతుంది. ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, చేతులూ కాళ్లూ చల్లబడినా రక్తపోటు మాత్రం చాలాసేపు నిలబడుతుంది. తర్వాత అలసిపోతుంది. పరుగెత్తిన గుండె నెమ్మదిస్తుంది, చివరకు ఆగుతుంది. అప్పుడు మానిటర్ మీద కనిపించేది ఎక్కువగా చదునైన గీత, లేదా గీత కదులుతున్నా నాడి దొరకని స్థితి. షాక్‌తో సరిచేయగల లయ కనిపించేది తక్కువమందిలోనే.

అంటే పిల్లల గుండె సాధారణంగా చెప్పకుండా ఆగదు. చాలాసేపటి నుంచి చెబుతూనే ఉంటుంది, వినేవాళ్లు కావాలి. అందుకే మంచి శిక్షణలో సగం సమయం గుండె ఆగకముందు జరిగేదాని మీదే గడవాలి. పాల్స్ కోర్సులో దీనికి ఒక పద్ధతి నేర్పుతారు. స్టెతస్కోప్ తీయకుండా, బిడ్డను తాకకుండా, గుమ్మంలో నుంచే కొన్ని సెకన్లలో మూడు విషయాలు చూడాలి: బిడ్డ తీరు ఎలా ఉంది, ఊపిరికి ఎంత కష్టపడుతోంది, ఒంటి రంగు ఎలా ఉంది. డొక్కలు ఎగరేస్తోందా, ముక్కుపుటాలు అదురుతున్నాయా, ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగు వినిపిస్తోందా. గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లవాడి కన్నా ఏడుపు మానేసి మగతగా పడివున్న పిల్లవాడి దగ్గరికే ముందుగా పరుగెత్తాలి.

కొత్తవాళ్లు తరచూ మోసపోయే ఘట్టం ఒకటుంది. నిమిషానికి 70 సార్లు ఊపిరి తీస్తున్న పసివాడు కాసేపటికి 30కి వస్తాడు. తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకుంటారు. జ్వరమూ ఇబ్బందీ నిజంగా తగ్గి, బిడ్డ చుట్టూ చూస్తూ ఉంటే సరే. కళ్లు తేలేస్తూ, ఒళ్లు వేలాడేస్తూ తగ్గిందంటే కండరాలు చేతులెత్తేశాయని అర్థం. శిక్షణ పొందిన మనిషి ఆ క్షణంలో కేస్ షీట్ కాదు, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ అందుకుంటాడు.

పెద్దల వార్డు నుంచి వచ్చినవాళ్లకు వింతగా తోచే నియమం మరొకటి. ఆక్సిజన్ ఇచ్చి, బ్యాగ్‌తో ఊపిరి అందించినా గుండె వేగం నిమిషానికి 60 కన్నా తక్కువే ఉండి, రక్తప్రసరణ సరిగా లేదనిపిస్తే, గుండె ఇంకా కొట్టుకుంటున్నా సరే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. గుండె ఆడుతుండగా నొక్కడమేమిటని చేయి వెనకాడుతుంది. ఆ సంకోచాన్ని వదిలించడానికి చదువు చాలదు, సాధన కావాలి.

ఊపిరి సంగతి ఇంకొంచెం చెప్పాలి. పెద్దల విషయంలో దారినపోయేవాళ్లకు ‘చేతులతో నొక్కితే చాలు’ అని ప్రచారం చేశారు, దానికి కారణాలున్నాయి. ఆ సూత్రాన్ని పిల్లలకు అంటగట్టకూడదు. జపాన్‌లో ఆసుపత్రి బయట గుండె ఆగిన పిల్లల వివరాలను దేశవ్యాప్తంగా సేకరించి చేసిన అధ్యయనం 2010లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. గుండె జబ్బు కాని కారణాలతో గుండె ఆగిన పిల్లల్లో, ఛాతీ నొక్కడంతో పాటు ఊపిరి కూడా ఇచ్చినప్పుడు మెదడు బాగా కోలుకున్నవాళ్లు ఎక్కువని అది తేల్చింది. కారణం తేలికే: రక్తంలో ఆక్సిజన్ ముందే అయిపోయింది. దాన్ని ఎంత తిప్పినా మెదడుకు చేరేది ఏమీ ఉండదు.

కాబట్టి పిల్లల విషయంలో అన్నిటికన్నా విలువైన నైపుణ్యం ఏదంటే, షాక్ ఇవ్వడమో గొంతులోకి గొట్టం వేయడమో కాదు, మాస్క్ పెట్టి బ్యాగ్‌తో ఊపిరి ఇవ్వడం అంటాను. చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. పసిబిడ్డకు తల వెనకభాగం పెద్దది. బల్ల మీద పడుకోబెడితే మెడ ముందుకు వంగి గాలిదారి నలుగుతుంది, భుజాల కింద మడతపెట్టిన చిన్న గుడ్డ కావాలి. తలను మరీ వెనక్కి వంచినా అదే ముప్పు. మాస్క్ ముక్కు పైనుంచి గడ్డం దాకా ఆనాలి, కళ్ల మీద పడకూడదు. మాస్క్‌ను ముఖం మీదికి అదమకూడదు, దవడను మాస్క్‌లోకి ఎత్తాలి. ఛాతీ లేచేంతవరకే బ్యాగ్ నొక్కాలి. ఇంకా నొక్కితే గాలి పొట్టలోకి పోతుంది, ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. శ్వాసగొట్టం వేశాక అయితే రెండు మూడు సెకన్లకు ఒక ఊపిరి చొప్పున చాలు. కంగారులో ఉన్న చేయి దానికి రెట్టింపు వేగంతో పిసుకుతుంది, పైగా తాను నెమ్మదిగానే ఇస్తున్నానని నమ్ముతుంది.

బరువు తెలియని బిడ్డ, పది రెట్ల తప్పు

గుండె ఆగినప్పుడు ఇచ్చే అడ్రినలిన్ మందు మోతాదు పెద్దవాళ్లకు ఒక్కటే, 1 మిల్లీగ్రాము. పిల్లలకు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము. 10 కిలోల బిడ్డకు 0.1 మిల్లీగ్రాము అన్నమాట. లెక్క తేలికే. చిక్కు మందు సీసాలో ఉంది. ఒక మిల్లీలీటరులో 0.1 మిల్లీగ్రాము ఉండే పలచని ద్రావణమైతే ఈ బిడ్డకు సరిగ్గా 1 మిల్లీలీటరు. అదే మందు మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాముగా చిక్కగా కూడా వస్తుంది. పలచన చేయకుండా అదే 1 మిల్లీలీటరు ఎక్కిస్తే పది రెట్లు వెళ్లినట్టే. పిల్లల వైద్యంలో పది రెట్ల పొరపాటు పాత శత్రువు. దశాంశ బిందువు ఒక చోటు జరిగితే చాలు, పైగా సిరంజిలో ద్రవం అంతే కనిపిస్తుంది కాబట్టి కంటికి అనుమానం రాదు.

పైగా అత్యవసర విభాగంలోకి మోసుకొచ్చిన బిడ్డ బరువు ఎవరికీ తెలియదు, తూచే సమయం ఉండదు. అమెరికాలో జేమ్స్ బ్రోస్లో అనే అత్యవసర వైద్యుడు 1980లలో రంగుల టేపు ఒకటి తయారుచేశాడు. బిడ్డ పక్కన పరిస్తే పొడవును బట్టి బరువు అంచనా వస్తుంది; ఏ రంగు మీద మడమ ఆగితే ఆ రంగులోనే మందుల మోతాదులూ గొట్టాల సైజులూ రాసి ఉంటాయి. బక్కచిక్కిన పిల్లల్లో ఎక్కువగానూ, ఊబకాయుల్లో తక్కువగానూ చూపించే లోపం దానికుంది. అయినా ప్రాణం పోతున్న గదిలో మెదడు చేసే గుణకారం కన్నా అది నమ్మదగినది. శిక్షణలో నేర్పాల్సింది లెక్క వేగంగా చేయడం కాదు, లెక్క చేయాల్సిన అవసరాన్నే తప్పించుకోవడం. మోతాదుల పట్టిక అత్యవసర మందుల ట్రాలీకి అతికించి ఉండాలి, మందు తీసిన మనిషి పైకి చదవాలి, మరో మనిషి సరిచూడాలి.

షాక్ కూడా బరువును బట్టే: మొదట కిలోకు 2 జౌళ్లు, రెండోసారి 4. రక్తనాళం దొరక్కపోతే వెతుకుతూ కూర్చోకుండా మోకాలి కింద ఎముకలోకి సూది దించాలి. ఈ పని తొలిసారి చూసినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. ఎముక మజ్జలోకి వెళ్లిన మందు నరంలోకి ఎక్కించినట్టే గుండెకు చేరుతుంది, పైగా సూది దించడానికి పట్టే సమయం నిమిషం లోపే.

చేతులు చెప్పే అబద్ధం

ఛాతీ నొక్కే లెక్కలు అందరికీ నోటికొచ్చు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఛాతీ మందంలో కనీసం మూడో వంతు లోతు, అంటే ఏడాది లోపు బిడ్డకు సుమారు 4 సెంటీమీటర్లు, ఆపై పిల్లలకు సుమారు 5. ఒక్కరే ఉంటే 30 నొక్కులకు 2 ఊపిర్లు, ఇద్దరుంటే 15కు 2. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. పరీక్షలో ఇవన్నీ రాస్తారు. అదే మనిషిని సెన్సర్ ఉన్న బొమ్మ ముందు నిలబెడితే లోతు చాలదు, లేదా వేగం 140 దాటుతుంది. చిన్న ఛాతీ విరుగుతుందేమోనన్న భయం చేతిని ఆపుతుంది. ఈ భయాన్ని ఉపన్యాసం పోగొట్టదు. తెర మీద తన నొక్కుల లోతును అంకెల్లో తానే చూసుకున్న చేయి మాత్రం దారికొస్తుంది.

నాడి చూడటం ఇంకా విచిత్రం. పది సెకన్లలోపు తేల్చాలంటారు. పసిబిడ్డకు మోచేతి పైభాగంలో, పెద్ద పిల్లలకు మెడ దగ్గరో గజ్జ దగ్గరో. ఆస్ట్రేలియాలో 2009లో ఒక చక్కని ప్రయోగం ప్రచురించారు. గుండె పనిని యంత్రాలు చేస్తున్న పిల్లల దగ్గరికి వైద్యులనూ నర్సులనూ తీసుకెళ్లి, వివరాలేమీ చెప్పకుండా నాడి ఉందో లేదో అడిగారు. సరైన జవాబులు 78 శాతం. అంటే అనుభవమున్న ఆరోగ్య సిబ్బందిలోనే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు పొరబడ్డారు. అందుకే ఇప్పటి శిక్షణలో నాడి కోసం తడుముకుంటూ కూర్చోవద్దని, చలనం లేక, ఊపిరి లేక, నాడి ఉందో లేదో అనుమానంగా ఉంటే నొక్కడం మొదలుపెట్టమని నేర్పుతారు. అవసరం లేకపోయినా నొక్కితే కలిగే హాని, అవసరమైనప్పుడు నొక్కకపోతే కలిగే హానితో పోలిస్తే చాలా చిన్నది.

నేర్చుకున్నదాన్ని వదిలించుకోవడం కూడా శిక్షణే. పసిబిడ్డ ఛాతీని రెండు వేళ్లతో నొక్కడం తరతరాలుగా నేర్పారు. ఆ పద్ధతిలో లోతు సరిపోదు, వేళ్లు త్వరగా అలసిపోతాయి. 2025 అమెరికన్ మార్గదర్శకాలు దాన్ని పక్కనపెట్టి, రెండు చేతులతో ఛాతీని చుట్టి రెండు బొటనవేళ్లతో గానీ, ఒక అరచేతి మడమతో గానీ నొక్కమన్నాయి. ఇరవై ఏళ్ల కిందట నేర్చుకున్నవాళ్ల వేళ్లకు ఈ కబురు చేరాలంటే సర్క్యులర్ చాలదు.

మరుపు ఎంత వేగంగా వస్తుంది

కోర్సు ముగిసిన కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లోనే చేతి నైపుణ్యం సడలడం మొదలవుతుందని చాలా అధ్యయనాలు ఒకే మాట చెప్పాయి. జ్ఞానం కొంత నిలుస్తుంది, చేయి ముందుగా మరుస్తుంది. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఎలిజబెత్ హంట్ అనే వైద్యురాలి బృందం పిల్లల వైద్యంలో పీజీ చేస్తున్న 70 మందిని బొమ్మ ముందు పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించింది. నాడి ఆగిన నిమిషంలోపు ఛాతీ నొక్కడం మొదలుపెట్టనివాళ్లు 66 శాతం. అసలు మొదలే పెట్టనివాళ్లు 33 శాతం. వీళ్లు తెలివితక్కువ వాళ్లు కారు. ఏం చేయాలో అడిగితే గడగడా చెప్పగలరు. అంతకుముందు ఎప్పుడైనా డీఫిబ్రిలేటర్ మీట నొక్కినవాళ్లు, బొమ్మ మీదనైనా సరే, ఆ రోజు షాక్ సరిగా ఇవ్వగలిగిన సందర్భాలు మిగతావాళ్లకన్నా ఎక్కువ. నాకు ఆ అధ్యయనంలో అన్నిటికన్నా నచ్చిన వాక్యం అదే.

హంట్ బృందమే తర్వాత శిక్షణ పద్ధతిని మార్చింది. పాత పద్ధతిలో ఇరవై నిమిషాల సన్నివేశం మొత్తం నడిపించి, చివర కూర్చుని తప్పులు చర్చించేవారు. తప్పు ఎక్కడో తెలుస్తుంది, ఒప్పు ఎలా ఉంటుందో చేతికి మాత్రం తెలియదు. కొత్త పద్ధతిలో తప్పు జరిగిన క్షణంలోనే ఆపుతారు, రెండు మాటల్లో సరిదిద్దుతారు, పది సెకన్లు వెనక్కి వెళ్లి మళ్లీ చేయిస్తారు. సంగీతం నేర్పే గురువు స్వరం తప్పిన చోటే పట్టుకుని కుదిరేదాకా పాడించినట్టు. 2014లో ప్రచురించిన ఫలితాల్లో ఛాతీ నొక్కకుండా వృథాగా పోయే సమయం బాగా తగ్గింది.

మరో దారి శిక్షణనే మంచం దగ్గరికి తీసుకెళ్లడం. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఐసీయూ సిబ్బంది డ్యూటీలో ఉండగానే బొమ్మను బండి మీద తోసుకొచ్చి, కొద్ది నిమిషాలు నొక్కించి, తెర మీద అంకెలు చూపించి వెళ్లేవారు. ఇలాంటి కొద్దికొద్ది సాధన తరచూ దొరికితే నైపుణ్యం నిలుస్తుందని అక్కడివాళ్లు చూపించారు. దీనికి పెద్ద హాలు, రెండు రోజుల సెలవు, మధ్యాహ్న భోజన ఏర్పాట్లు అక్కర్లేదు. బహుశా అందుకేనేమో, పరిపాలకులకు ఇది శిక్షణలా కనిపించదు.

గదిలో ఎవరు ఎక్కడ నిలబడాలి

ఒక్కొక్కరూ నేర్చుకున్నా పదిమంది కలిస్తే గందరగోళమే కావచ్చు. ఒకరు ఛాతీ, ఒకరు ఊపిరి, ఒకరు రక్తనాళం, ఒకరు మందులు, ఒకరు గడియారం చూస్తూ రాయడం, ఒకరు నాయకత్వం. నాయకుడు మంచానికి కొంచెం ఎడంగా నిలబడి చేతులు కట్టుకోవాలి. ఎంతటి నిపుణుడైనా తాను గొట్టం వేయడానికి వంగిన క్షణం గదికి నాయకుడు లేనట్టే. ఆదేశం పేరుపెట్టి ఇవ్వాలి, విన్న మనిషి తిరిగి చెప్పాలి, పని అయ్యాక అయిందని చెప్పాలి. ‘ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండి’ అంటే ఎవరూ ఇవ్వరు, లేదా ఇద్దరు ఇస్తారు.

అన్నిటికన్నా కష్టమైన సాధన ఇంకొకటి. వార్డులో చేరి మూడు నెలలైన నర్సు సీనియర్ వైద్యుడితో ‘డాక్టర్ గారూ, ఆ మోతాదు ఎక్కువగా ఉంది, ఒకసారి చూడండి’ అనగలగాలి. ఆయన కసురుకోకుండా ఆగి చూడగలగాలి. మంచి శిక్షకులు కావాలనే నాయకుడి చేత తప్పు ఆదేశం ఇప్పిస్తారు, ఎవరు నోరు విప్పుతారో చూడటానికి. చాలాసార్లు ఎవరూ విప్పరు.

తల్లిదండ్రులు కోరుకుంటే గదిలో ఉండే అవకాశం ఇవ్వాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది నోటి మాటతో అయ్యేది కాదు. వాళ్ల పక్కనే నిలబడి ఏం జరుగుతోందో తేలిక మాటల్లో చెప్పే మనిషిని ప్రత్యేకంగా కేటాయించాలి. అందుకే కొన్ని బృందాలు బొమ్మతో చేసే నమూనా సాధనలో, అంటే సిమ్యులేషన్‌లో ఏడ్చే తల్లి పాత్రను కూడా పెడతాయి.

ఇంతా చేస్తే ప్రాణాలు నిలుస్తున్నాయా

మిషిగన్ విశ్వవిద్యాలయ పిల్లల ఆసుపత్రిలో చెప్పాపెట్టకుండా, గుండె ఆగినట్టు నటించి చేసే సాధనలు, అంటే మాక్ కోడ్‌లు నడుపుతూ పోయారు. వాటి సంఖ్యతో పాటు గుండె ఆగిన పిల్లల్లో బతికినవాళ్ల శాతం పెరిగి సుమారు 50కి చేరిందని 2011లో రాశారు. ఫిలడెల్ఫియాలో ప్రతి అరెస్టు (గుండె ఆగిన ఘటన) తర్వాత అందరూ కూర్చుని, రికార్డయిన అంకెలు ముందు పెట్టుకుని చర్చించే అలవాటు చేశాక, మెదడు దెబ్బతినకుండా బతికిన పిల్లలు 29 శాతం నుంచి 50 శాతానికి పెరిగారని 2014 నివేదిక. ఇవి ‘ముందు, తర్వాత’ పోలికలు. మధ్యలో మరెన్నో మారి ఉండవచ్చు.

గట్టి పరీక్ష 2022లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. అమెరికాలోని 18 పిల్లల ఐసీయూల్లో రక్తపోటు లక్ష్యాలతో మంచం దగ్గర సాధన, నెలనెలా అరెస్టుల మీద చర్చ ప్రవేశపెట్టి, లేని కాలంతో పోల్చారు. మెదడు బాగుండి ఇంటికి వెళ్లినవాళ్లు 53.8 శాతం, శిక్షణ లేని వైపు 52.4 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. శిక్షణ వృథా అని దీన్ని చదవడం తొందరపాటు. ఆ ఐసీయూలు ముందే ఎంతో మెరుగైనవి. పైమెట్టు మీద ఉన్నవాళ్లను ఇంకా ఎక్కించడం కష్టం. శిక్షణను నమ్మేవాళ్లు మాత్రం ఈ అంకెను దాచుకోకూడదు. అమెరికా ఆసుపత్రుల్లో నాడి ఆగిన పిల్లల్లో బతికి ఇంటికి వెళ్లినవాళ్లు 2000లో 19 శాతం, 2018లో 38. ఆ పెరుగుదలలో ఏ ఒక్కదానికీ పూర్తి పేరు ఇవ్వలేం. అసలు లాభం పెద్ద ఐసీయూల్లో కాదు, అరెస్టు ఎప్పుడో ఒకసారి చూసే చిన్న ఆసుపత్రుల్లో ఉంటుందని నా అంచనా.

అక్కడికి ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. మామూలు బొమ్మ, ఫోనులో నిమిషానికి 110 సార్లు తాళం కొట్టేలా పెట్టిన మెట్రోనోమ్, వార్డులో నిజంగా వాడే ట్రాలీ, పదిహేను నిమిషాలు చాలు. సొంత గదిలో చేస్తేనే బయటపడేవి కొన్ని ఉంటాయి: ట్రాలీ తాళం ఎవరి జేబులో ఉందో తెలియదు, పసిబిడ్డ మాస్క్ డబ్బాలో లేదు, డీఫిబ్రిలేటర్‌కు పిల్లల ప్యాడ్‌లు ఎప్పుడో గడువు దాటాయి. మొదటి నెల ఊపిరాడని బిడ్డ, మాస్క్, బ్యాగ్. రెండో నెల ఛాతీ నొక్కడం, మనుషులు మారడం. మూడో నెల ఎముక సూది, అడ్రినలిన్, టేపు. రాత్రి డ్యూటీవాళ్లకు రాత్రిపూటే. నాలుగో నెల మళ్లీ మాస్క్ దగ్గరికే రావాలి, ఎందుకంటే అప్పటికి డ్యూటీ పట్టికలో సగం పేర్లు మారిపోయి ఉంటాయి.